విధి ఎంత, నిర్ణయం ఎంత: విషాద ప్రేమకథను తూచి చదివే పద్ధతి

విశాఖపట్నంలో మా ఇంటి మేడ మీద ఆదివారం ఉదయాల్లో కూడే చిన్న పఠన బృందంలో, విషాదంగా ముగిసే ప్రేమకథ ఏది చదివినా, చర్చ మొదలైన పావుగంటకే రెండు తీర్పులు వచ్చేసేవి. వయసులో పెద్దవాళ్ళు "వాళ్ళ నుదుట అలా రాసి ఉంది" అనేవారు. డిగ్రీ చదివే పిల్లలు "ఎవరు చెయ్యమన్నారు, చేసుకున్నారు, అనుభవించారు" అనేవారు. ఆ తరువాత మాట్లాడడానికి ఏమీ మిగిలేది కాదు, అందరి చూపూ వంటింటి వైపు మళ్ళేది. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి విరమించిన నేను ఈ రెండు వాక్యాలనూ జవాబు పత్రాల్లో ఎన్నిసార్లు దిద్దానో లెక్క లేదు. రెండూ తప్పని అనను. కానీ రెండూ కథ చదవకుండానే రాయగలిగిన వాక్యాలు. నా అభ్యంతరం అక్కడే.

ఆ పావుగంటను రెండు గంటలు చేయడానికి మేము కొంతకాలంగా పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. పరీక్షకో పోటీకో వ్యాసం రాయవలసిన విద్యార్థికీ, ఇలాంటి చర్చను నడపవలసిన పెద్దలకూ ఇది పనికివస్తుంది. ఉదాహరణగా షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియట్'ను తీసుకున్నాను. దానిలో తొలి పద్యమే ఆ ప్రేమికులను గ్రహాలు అడ్డుపడిన జంటగా పరిచయం చేస్తుంది, అయినా కథలో ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు ఏదో ఒకటి నిర్ణయిస్తూనే ఉంటారు. మీ ముందున్నది వేరే కథ అయినా పద్ధతి మారదు.

ముందు మాటలను విడదీయండి

తెలుగులో విధి, తలరాత, ఖర్మ, ప్రారబ్ధం, దైవం, గ్రహచారం అనే మాటలన్నిటినీ మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, వ్యాసంలో అలా వాడితే వాదం ఎటూ కదలదు. కనీసం మూడు రకాలుగా విడదీసుకోవాలి. ఎవరూ అనుకోకుండా జరిగినది ఒక రకం: విందుకు పిలవవలసిన వారి జాబితా పట్టుకుని వీధిలోకి వచ్చిన, జూలియట్ తండ్రి కాప్యులెట్ గారి నౌకరుకు చదువు రాదు, అతడు ఆ కాగితం చదివిపెట్టమని అడిగింది సాక్షాత్తు శత్రువుల ఇంటి కుర్రవాడు రోమియోను. పుట్టుకతో మెడకు తగులుకున్నది రెండో రకం: ఏ ఇంట పుట్టాడు, ఆ ఇంటికి ఎవరితో వైరం, ఆమె వయసెంత, ఆ ఊరి చట్టం ఏమంటుంది అన్నవి. ఎవరు ఏమి చేసినా చివరికి అదే జరిగి తీరుతుంది అన్నది మూడో రకం, కచ్చితమైన అర్థంలో విధి అంటే ఇదొక్కటే. మొదటి దానిని యాదృచ్ఛికం అనీ, రెండో దానిని పరిస్థితి అనీ పిలిచి, విధి అనే మాటను మూడో దాని కోసమే దాచుకోండి. ఇంతమాత్రం చేస్తేనే సగం తగవులు తీరిపోతాయి; ఎందుకంటే తలరాత అన్నవారిలో చాలామంది నిజానికి చెప్పదలచుకున్నది పరిస్థితి గురించి.

ఈ విభజన మన సంప్రదాయానికి విరుద్ధమని ఒక పెద్దాయన ఒకసారి నొచ్చుకున్నారు. ఆయనకు భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం పద్నాలుగో శ్లోకం తీసి చూపించాను. ఏ పనికైనా ఐదు కారణాలని అక్కడ ఉంది: అధిష్ఠానం (పనికి ఆధారం), కర్త, కరణం (సాధనం), రకరకాల చేష్టలు, ఐదోది దైవం. వ్యాఖ్యాతలు ఈ వరసకు ఏ అర్థం చెప్పినా, కథ చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే: దైవాన్ని కాదనకండి, కానీ ముందున్న నాలుగింటినీ చూసిన తరువాతే దాని దగ్గరకు వెళ్ళండి. ఆయన నవ్వి, తరువాతి వారం మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు.

రోజుల పట్టిక వేయండి

ఒక పొడవాటి నోటు పుస్తకంలో పేజీని నాలుగు నిలువు గడులుగా విడదీయండి. మొదటి గడిలో రోజు, వేళ; రెండో దానిలో జరిగినది; మూడో దానిలో దానిని ఎవరు చేశారన్నది; నాలుగో దానిలో ఆ క్షణాన వారికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్నది. నాలుగో గడిని అందరూ వదిలేస్తారు, అసలు పని దానితోనే. ప్రేక్షకులకు చివర ఏమి జరుగుతుందో మొదటి పద్నాలుగు పంక్తుల్లోనే చెప్పేశారు, పాత్రలకు చెప్పలేదు. మనకు తెలిసినదంతా వాళ్ళకూ తెలుసన్నట్టు తీర్పు చెప్పడం పాఠకులు చేసే అన్యాయాల్లో మొదటిది.

పట్టిక వేసినవారిని ముందుగా నివ్వెరపరిచేది కథ నడిచే వేగం. ఆదివారం ఉదయం వెరోనా నగరం వీధిలో రెండు ఇళ్ళ వారి కొట్లాట. ఆ రాత్రి విందులో తొలి చూపు, అదే రాత్రి మేడ కింద మాటలు. సోమవారం రహస్య వివాహం, ఆ మధ్యాహ్నమే రోమియో స్నేహితుడు మెర్క్యూషియో, జూలియట్ దాయాది టిబాల్ట్ ఇద్దరి చావులు, రోమియోకు దేశబహిష్కారం. మంగళవారం తెల్లవారుజామున అతడు మరో నగరం మాంటువాకు ప్రయాణం, ఆ రాత్రి జూలియట్ చచ్చినట్టు నిద్రపుచ్చే మందు తాగడం. బుధవారం ఆమె చనిపోయిందని ఇంటిల్లిపాదీ ఏడవడం. గురువారం తెల్లవారేసరికి సమాధి గదిలో రోమియో, జూలియట్, ఆమెను పెళ్ళాడగోరిన పారిస్ అనే యువకుడు, ఈ ముగ్గురి శవాలు. తొలి చూపు నుంచి చావు దాకా నాలుగు రోజులు నిండలేదు. మందు ప్రభావం నలభై రెండు గంటలని లారెన్స్ అనే సన్న్యాసి చెప్పిన మాటను ఈ పట్టికలో ఇరికించబోతే లెక్క కుదరదు. మా బృందంలో ఒక అమ్మాయి వేళ్ళు మడిచి మడిచి చూసి, "మేడమ్, ఆమె కొన్ని గంటలు ముందే లేచినట్టుంది" అంది. నాటకకర్త గడియారం చూసుకోలేదంతే, దాని మీద సిద్ధాంతాలు కట్టకండి.

నాలుగు ప్రశ్నలు

పట్టికలో కథ తిరిగిన చోట్లను ఎర్ర సిరాతో గుర్తించి, ప్రతి దాని దగ్గరా ఈ నాలుగూ అడగండి. ఆ పని చేసినవారికి వేరే దారి ఉందా? ఉన్నట్టు వారికి తెలుసా? ఆ దారిన పోతే చెల్లించవలసిన మూల్యం ఎంత? ఆలోచించుకోవడానికి ఎంత వ్యవధి ఉంది? మొదటి రెంటికీ అవునని జవాబు వచ్చి, మూల్యం భరించదగినదై, కాస్తయినా వ్యవధి ఉంటే దానిని నిర్భయంగా నిర్ణయం అనవచ్చు. ఏ ఒక్కటి లోపించినా ఆ మాటను ఆ మేరకు తగ్గించి రాయాలి.

టిబాల్ట్‌ను రోమియో చంపిన ఘట్టాన్ని ఇలా తూచి చూడండి. వీధిలో మళ్ళీ కత్తి దూస్తే ప్రాణం పోతుందని వెరోనా ప్రభువు శాసించి ఉన్నాడు. ఆ సంగతి రోమియోకు తెలియదనడానికి వీల్లేదు, కొద్ది నిమిషాల ముందు స్నేహితుణ్ణి ఆపబోతూ ఆ నిషేధాన్ని గుర్తు చేసినవాడు అతడే. మెర్క్యూషియో ప్రభువుకు బంధువు. అతణ్ణి చంపిన టిబాల్ట్‌ను చట్టమే చూసుకునేది. అంటే దారి ఉంది, తెలుసు, మూల్యం కొంత పరువు మాత్రమే. లేనిది వ్యవధి ఒక్కటే, ఆ వ్యవధిని కూడా కోపమే మింగింది. ఇది నిర్ణయమే, కానీ తొందరలో పుట్టినది. ఒక్క వాక్యంలో ఇంత తేడా చూపగలిగితే మీ వ్యాసం తక్కిన వంద వ్యాసాల నుంచి విడిపడుతుంది.

జూలియట్ దగ్గరకు వచ్చేసరికి అదే తక్కెడ వేరే బరువు చూపుతుంది. ఆమెకు పద్నాలుగో ఏడు నిండడానికి ఇంకా రెండు వారాల పైచిలుకు ఉంది. పారిస్‌ను పెళ్ళాడకపోతే వీధిలోకి గెంటుతానని తండ్రి అన్నాడు, తల్లి మొహం తిప్పుకుంది, పాలిచ్చి పెంచిన దాది కూడా ఆ రెండో పెళ్ళే మేలని సలహా ఇచ్చింది. ఒక్కొక్క తలుపూ ఆమె కళ్ళ ముందే మూతబడ్డాక మిగిలిన ఒకే ఒక్క తలుపు ఆ మందు సీసా. రోమియో చేసిన ఎంపికలనూ జూలియట్ చేసిన ఎంపికలనూ ఒకే గాటన కట్టి "ప్రేమికుల తొందరపాటు" అని రాసేవారిని నేను మార్కులు తగ్గించి మరీ హెచ్చరించేదాన్ని. ఊరంతా తిరగగలిగినవాడి తొందరా, గది దాటలేనిదాని తెగింపూ ఒకటి కావు.

రోమియోకు విషం అమ్మిన మందుల వర్తకుణ్ణి కూడా ఒకసారి ఈ ప్రశ్నల ముందు నిలబెట్టండి. మాంటువాలో అది అమ్మితే మరణశిక్ష. నలభై డ్యూకాట్ల బంగారు నాణేలు చూపించేసరికి, ఒప్పుకున్నది తన పేదరికమే గాని తన మనసు కాదని అతడు చెబుతాడు. ఈ నాలుగు ప్రశ్నలనూ నాలుగు ముక్కల్లో ముగించినవాడు నాటకం మొత్తంలో అతడొక్కడే, అతడికి పేరు కూడా లేదు.

అందని ఉత్తరాన్ని విప్పి చూడండి

ఈ నాటకంలో విధి ఉందని వాదించేవారి చేతిలో బలమైన ఆధారం ఒక ఉత్తరం. జూలియట్ నిజంగా చనిపోలేదని రోమియోకు తెలిపే ఆ ఉత్తరాన్ని లారెన్స్ మరో సన్న్యాసి జాన్ చేతికిచ్చి పంపాడు. జాన్ తోడు కోసం తన సంఘానికే చెందిన మరొకరిని వెతుక్కుంటూ, రోగులను చూడడానికి వెళ్ళిన అతని దగ్గరకు పోయాడు. ఆ ఇంట్లో మహమ్మారి సోకి ఉంటుందని ఊరి తనిఖీదారులు అనుమానించి తలుపులకు ముద్ర వేశారు. జాన్ వెరోనా దాటలేదు; ఉత్తరాన్ని వెనక్కు చేరవేయడానికి కూడా, అంటుకుంటుందన్న భయంతో, ఎవరూ ముందుకు రాలేదు. అంతకు ముందు మెర్క్యూషియో చనిపోతూ రెండు ఇళ్ళకూ మహమ్మారి తగలాలని శపించి ఉన్నాడు కనుక, ఆ శాపమే తిరిగి వచ్చి ఉత్తరాన్ని ఆపిందని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. రాయండి, అది నాటకంలో ఉన్న అందమే. అక్కడితో ఆపకండి.

మూడో అంకం మూడో రంగానికి వెనక్కు తిరగండి. రోమియోను మాంటువాకు సాగనంపుతూ లారెన్స్ ఏమి మాట ఇచ్చాడు? ఇక్కడి కబుర్లన్నీ ఎప్పటికప్పుడు నీ నౌకరు ద్వారా తెలుపుతాను అన్నాడు. ఆ నౌకరు బాల్తజార్. తీరా ప్రాణం మీదకు వచ్చిన కబురు పంపవలసి వచ్చినప్పుడు అతణ్ణి వదిలేసి జాన్‌ను పంపాడు. పని అప్పగించి ఉన్న బాల్తజార్ మాత్రం తన ధర్మం తప్పకుండా, సమాధి గదిలో జూలియట్‌ను ఉంచడం కళ్ళారా చూసి, గుర్రమెక్కి మాంటువా చేరి, తాను చూసినది చూసినట్టు చెప్పాడు. నిజమైన కబురు ఒక దారిన ఆగిపోయింది, అబద్ధమైన కబురు నమ్మకస్తుడి నోట మరో దారిన చేరింది. ఈ రెండు దారులనూ విడదీసినది మహమ్మారి కాదు, లారెన్స్.

ఇక్కడ మా అత్తగారు గుర్తుకు రాకుండా ఉండరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదుగా తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. శ్రీకాకుళంలో ఉన్న మా ఆడపడుచుకు క్షేమంగా ఉన్నామని కబురు పంపాలి. అటు వెళ్ళే లారీ డ్రైవరుకు చీటీ ఇచ్చి నేను చేతులు దులుపుకుంటే, ఆవిడ ఊరుకోలేదు. ఫోన్లు పనిచేసే చోటి దాకా వెళ్తున్న మా వీధి కుర్రవాడికి నంబరు రాసిచ్చి అక్కడి నుంచి మాట్లాడమంది. "ఒక్క చేతి మీద పంపిన కబురు దేవుడి మీద వేసిన భారమే తల్లీ" అంది. లారీ చీటీ అందనే లేదు. ఫోను అందింది. తుఫాను తీరం దాటడం ఎవరి నిర్ణయమూ కాదు, రెండో కబురు పంపడం మాత్రం ఆవిడ నిర్ణయం. లారెన్స్ దగ్గర అలాంటి అత్తగారు లేకపోయారు.

ఉత్తరం అటు చివర ఉన్నవాడిని కూడా వదలకూడదు. బాల్తజార్ కబురు చెప్పగానే, సన్న్యాసి దగ్గర నుంచి ఉత్తరాలేమీ తేలేదా అని రోమియో అడుగుతాడు. లేవని విని, సరే పోనీ అంటాడు. అడగాలని తోచింది, ఆగాలని తోచలేదు. మీ పాలిపోయిన మొహం చూస్తే భయంగా ఉంది, కాస్త నిదానించండి అని నౌకరు బతిమాలుకున్నాడు కూడా. యాదృచ్ఛికంగా మూసుకుపోయిన ఒక్క తలుపుకు ఇటూ అటూ ఇన్ని తెరిచి ఉన్న తలుపులు కనిపిస్తాయి. నా లెక్కలో మహమ్మారి వాటా కొట్టివేయదగినది కాదు, కానీ అది ప్రాణాంతకం అయ్యింది చుట్టూ ఎక్కడా కాస్త వెసులుబాటు మిగల్చని మనుషుల వల్ల.

ఒకరి నిర్ణయం ఎవరికి తలరాత అయ్యింది?

ఈ ప్రశ్న నాది కాదు. పెదజాలారిపేట నుంచి వచ్చే ఒక యువకుడు, చేపల వేటకు వెళ్ళే కుటుంబంలో పుట్టి డిగ్రీ చదువుతున్నవాడు, పట్టికలోని మూడో గడిని చూస్తూ అన్న మాట నుంచి పుట్టింది. "తుఫాను హెచ్చరిక వచ్చాక కూడా వేటకెళ్ళి మనిషి తిరిగి రాకపోతే, ఇంట్లో వాళ్ళు రాత అని ఏడుస్తారు మేడమ్. ఐసుకీ డీజిలుకీ డబ్బు పెట్టేశాను, వెళ్ళి తీరాలన్న బోటు యజమాని మాత్రం ఒడ్డునే ఉంటాడు." ఆ రోజు మేమంతా కాసేపు మాట్లాడలేదు. అంతవరకు మా వాదం ప్రేమికులకూ గ్రహాలకూ మధ్యే నడిచింది. ఒడ్డున నిలబడినవారిని మేము లెక్కలోకే తీసుకోలేదు.

అప్పటి నుంచి మా పట్టికకు ఐదో గడి చేరింది: ఈ నిర్ణయం భారాన్ని మోసినది ఎవరు? దానితో చూస్తే కాప్యులెట్ పూర్తిగా వేరే మనిషిగా కనిపిస్తాడు. మొదట్లో పారిస్‌తో, పిల్ల చిన్నది, ఇంకా రెండు వేసవులు గడవనీ అన్నవాడు, టిబాల్ట్ పోయిన రాత్రే కూతురిని అడగకుండా గురువారానికి పెళ్ళి ఖాయం చేశాడు. మంగళవారం ఆమె వచ్చి తలవంచి సరేననగానే, ఆ సంతోషం పట్టలేక పెళ్ళిని బుధవారానికి జరిపేశాడు. లారెన్స్ పన్నాగం బుధవారం రాత్రి మందు తాగాలన్న లెక్క మీద కట్టినది. అది ఒక రోజు ముందుకు రావడంతో ఉత్తరానికి ఉన్న వ్యవధిలో ఒక పూర్తి రోజు కరిగిపోయింది. ఒక తండ్రి ముచ్చటపడి చేసిన చిన్న మార్పు, కూతురి వైపు నుంచి చూస్తే, ఎక్కడి నుంచో వచ్చి పడిన విధిలా ఉంటుంది. తలరాత అని మనం అంటున్న దానిలో ఎంత భాగం వేరే గదిలో కూర్చుని వేరొకరు రాసినదో ఈ గడి బయటపెడుతుంది. చివరి రంగంలో ప్రభువు, ఈ పగలను చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు తానూ ఇద్దరు బంధువులను పోగొట్టుకున్నానని ఒప్పుకుంటాడు. ఊరుకోవడాన్ని కూడా మూడో గడిలో రాయాలని ఆయనే నేర్పుతున్నాడు.

విధి అనే మాట ఎవరి నోట, ఎప్పుడు వస్తుంది?

ఇది చిన్న పని, కానీ ఫలితం పెద్దది. నాటకంలో గ్రహాలనీ అదృష్టమనీ పైశక్తి అనీ వచ్చిన ప్రతి చోటా పెన్సిలుతో గీత గీసి, ఆ పాత్ర దానికి ముందు ఏమి చేసిందో, తరువాత ఏమి చేసిందో చూడండి. విందుకు బయలుదేరే ముందు ఏదో కీడు నక్షత్రాల్లో వేలాడుతున్నదని రోమియో శంకిస్తాడు, శంకిస్తూనే వెళ్తాడు. టిబాల్ట్‌ను పొడిచిన మరుక్షణం తాను అదృష్టం చేతిలో పిచ్చివాణ్ణయ్యానంటాడు. ఉత్తరం చేరలేదని విన్న లారెన్స్ దురదృష్టం అంటాడు. సమాధి గదిలో, మనం ఎదిరించలేని శక్తి ఏదో మన తలపును తలకిందులు చేసిందని జూలియట్‌కు చెప్పి, కావలివాళ్ళ అడుగుల చప్పుడుకు జడిసి ఆమెను ఒంటరిగా వదిలి వెళ్ళిపోతాడు. పైశక్తి మాట ఎత్తినవాడు ఆ మాట వెనుకే తలుపు దాటాడన్నది గమనించండి. విధి లేదని దీనివల్ల రుజువు కాదు. ఆ మాటను మనుషులు ఏ పనికి వాడుకుంటారో మాత్రం తెలుస్తుంది.

రచయిత చేతిని కూడా చూడండి

కథలో పాత్రలకు విధి ఎవరయ్యా అంటే రచయితే, దానిలో రహస్యమేమీ లేదు. కనుక వీలైతే ఆ కథకు మూలాన్ని పక్కన పెట్టుకుని, ఏది మార్చాడో చూడాలి. షేక్‌స్పియర్ ఆధారం చేసుకున్నది ఆర్థర్ బ్రూక్ 1562లో ప్రచురించిన ఇంగ్లీషు కావ్యం. అక్కడ కథ నెలల తరబడి సాగుతుంది, జూలియట్‌కు పదహారేళ్ళు దగ్గరపడతాయి. నెలలను రోజులుగా కుదించి, వయసును ఇంకా తగ్గించడం ద్వారా షేక్‌స్పియర్ ఆలోచనకు ఉన్న వ్యవధిని తీసేశాడు. మన నాలుగు ప్రశ్నల్లో చివరిదాన్ని పాత్రల చేతుల్లోంచి లాక్కున్నది ఆయనే.

దీనికి తెలుగు విద్యార్థికి మరింత దగ్గరైన ఉదాహరణ శకుంతల. కథ సుఖాంతమే గానీ, ఈ పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మహాభారతంలోనూ, దానిని తెలుగు చేసిన నన్నయ ఆదిపర్వంలోనూ దుర్వాసుడి శాపం లేదు, పోయిన ఉంగరమూ లేదు; నిండు సభలో దుష్యంతుడు తెలిసి తెలిసీ ఆమెను ఎరగనంటాడు. అందుకే నూరు నూతుల కంటె ఒక బావి మేలంటూ సత్యం విలువ చెప్పే ఆమె పద్యానికి అంత పదును. కాళిదాసు శాపాన్నీ ఉంగరాన్నీ చేర్చి, రాజు తప్పును మరుపుగా మార్చాడు. ఒక మనిషి నిర్ణయం విధి ఖాతాలోకి మారడాన్ని ఇంత స్పష్టంగా పక్కపక్కన చూసే అవకాశం అరుదు. ఈ రెంటిలో ఎవరి శకుంతల గొప్పదన్న ప్రశ్న మా మేడ మీద ఇంకా తేలలేదు. నా ఓటు నన్నయకే.

మన ఊరి కథతో సాధన చేయండి

కె. బాలచందర్ దర్శకత్వంలో 1978లో వచ్చిన 'మరో చరిత్ర' కథ నడిచేది విశాఖలోనే. తమిళుల అబ్బాయి బాలు, తెలుగువారి అమ్మాయి స్వప్న, పక్కపక్క ఇళ్ళు. ఏడాది పాటు ఒకరికొకరు దూరంగా ఉండి, ఆ తరువాత కూడా ప్రేమ నిలిస్తే పెళ్ళి చేస్తామన్న షరతు. చివరికి దుండగుల దాడి, ఇద్దరి చావూ సముద్రం ఒడ్డున. ఆ చివరి దాడిని ఖర్మ అని కొట్టిపారేసే ముందు, పట్టికలో ఏడాది షరతు దగ్గర ఎర్ర సిరా గుర్తు పెట్టండి. ఆ ఏడాదిని ఎవరు కోరారు, ఎవరు ఒప్పుకున్నారు, ఏడాదిలో పుట్టిన అపార్థాలను ఒక్క ఉత్తరం తీర్చగలిగేదా? వెరోనాలో వ్యవధి లేక చెడింది. ఇక్కడ వ్యవధి ఉండీ మాట లేక చెడింది. ఈ పోలిక ఒక్కటే ఒక వ్యాసానికి సరిపోతుంది. భీమిలి వైపు వెళ్ళినప్పుడల్లా ఈ సినిమా తలుచుకునే మా తరం వాళ్ళకు ఈ సాధన కొంచెం కష్టం, ఎందుకంటే మేము దానిని విధిగానే చూసి ఏడ్చి ఉన్నాం.

రాసేటప్పుడు, నడిపేటప్పుడు

వ్యాసం మొదటి పేరాలోనే మీ తీర్పు చెప్పేయండి, కానీ "సగం విధి, సగం నిర్ణయం" అనకండి. అది తీర్పు కాదు, తప్పించుకోవడం. ఏ ఘట్టంలో ఏది ఎక్కువ, ఎందుకు అన్నది చెప్పండి. రెండు మూడు ఘట్టాలను లోతుగా చూపడం పది ఘట్టాలను ఏకరువు పెట్టడం కంటే మంచిది. ఈ నాటకానికైతే టిబాల్ట్ చావు, పెళ్ళి ఒక రోజు ముందుకు జరగడం, ఉత్తరం చాలు. "అలా చేసి ఉంటే" అనే ఊహను ఒక్క మెట్టు దాకే సాగనివ్వండి. నౌకరుకు చదువు వచ్చి ఉంటే రోమియో విందుకు వెళ్ళేవాడు కాడు అన్నది చర్చ. విందుకు వెళ్ళకపోతే పెద్దయ్యాక ఏమయ్యేవాడు అన్నది కాలక్షేపం. మీ వాదానికి ఎదురు నిలిచే బలమైన ఘట్టాన్ని మీరే తెచ్చి చూపండి; నిర్ణయం వైపు వాదిస్తున్నవారు మూతబడిన ఆ తలుపును దాచకూడదు, విధి వైపు వాదిస్తున్నవారు బాల్తజార్‌ను దాచకూడదు.

చర్చను నడిపేవారికి మరో మాట. పద్నాలుగు, పదహారేళ్ళ పిల్లలు ఉన్న చోట, ప్రాణం తీసుకోవడాన్ని ప్రేమకు నిదర్శనంగా పొగిడే మాట వస్తే పట్టికను చూపించి, ఇంకొన్ని నిమిషాలు ఆగితే ఆమె కళ్ళు తెరిచేదని గుర్తు చేయండి. ఎవరైనా తమ సొంత బాధను కథ చాటున చెబుతున్నట్టు అనిపిస్తే, చర్చ అయ్యాక వారితో విడిగా కూర్చోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పండి.

పట్టిక పూర్తయ్యాక ఒకసారి ఖాళీగా మిగిలిన గడులను చూసుకోండి. మా పట్టికలో ఒకటి మిగిలింది. మొదటి రంగంలో కొట్లాటలోకి ఉరకబోయిన భర్తను, ఒక్క అడుగు కూడా కదలడానికి వీల్లేదని పట్టి ఆపిన మనిషి మాంటెగ్యూ భార్య, రోమియో తల్లి. ఆ తరువాత నాటకంలో ఆమె దాదాపు కనిపించదు. చివరి రంగంలో, కొడుకు దేశం విడిచిన దుఃఖంతో ఆమె ఆ రాత్రే కన్ను మూసిందని భర్త చెబుతాడు. ఆమె చేసిన పని ఒక్కటే, అది సరైనది. ఆమె మోసినది అందరి నిర్ణయాలనూ. ఆమె పేరు ఎదుట మూడో గడిలో ఏమి రాయాలన్నది వచ్చే ఆదివారానికి వాయిదా వేశాం.